చూసిన పొర, తీసిన ముక్క

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బుకు పెట్టిన అల్సరేటివ్ కోలైటిస్ అన్న పేరు అచ్చులోకి ఎక్కింది ఒక హత్య కేసు వల్ల. 1859 మే నెల మొదట్లో లండన్ దగ్గరి రిచ్‌మండ్‌లో ఇసబెల్లా బ్యాంక్స్ అనే మహిళ వారాల తరబడి వాంతులు, విరేచనాలతో నీరసించి చనిపోయింది. ఆమెను పెళ్లాడిన డాక్టర్ థామస్ స్మెథర్స్ట్‌కు అప్పటికే ఒక భార్య ఉంది. పైగా ఆమె చనిపోవడానికి కాస్త ముందే ఆస్తి తనకు దక్కేలా వీలునామా రాయించుకున్నాడు. ఇంకేం, విషం పెట్టాడన్నారు. విషాల విషయంలో ఇంగ్లండ్‌లో తిరుగులేని నిపుణుడిగా పేరున్న ఆల్‌ఫ్రెడ్ స్వేన్ టేలర్ తన పరీక్షలో ఆర్సెనిక్ బయటపడిందని చెప్పారు. తీరా చూస్తే ఆ ఆర్సెనిక్ పరీక్షకు వాడిన రాగిలోంచే వచ్చింది. అయినా స్మెథర్స్ట్‌కు ఉరిశిక్ష వేశారు, గొడవ ముదిరాక రద్దు చేశారు, రెండో పెళ్లి నేరానికి ఏడాది జైలుతో సరిపెట్టారు. ఈ రచ్చ మధ్యలో గైస్ ఆస్పత్రి వైద్యుడు శామ్యూల్ విల్క్స్ ఆమె పేగుల స్థితిని వివరిస్తూ ‘మెడికల్ టైమ్స్ అండ్ గెజెట్’కు ఒక లేఖ రాశారు. ఆ జబ్బు పేరు కనిపించేది అందులోనే. చిత్రమేమంటే, చిన్నపేగు చివరి భాగం కూడా వాచి ఉందన్న వివరాన్ని బట్టి, అది నిజానికి క్రోన్స్ వ్యాధి అనే మరో పేగు వాపు జబ్బు అయి ఉంటుందని తర్వాతి తరాల వైద్యులు చాలామంది అభిప్రాయపడ్డారు. పేరుకు మూలమైన కేసే ఆ పేరుకు చెందనిది కావచ్చన్నమాట.

ఆ రోజుల్లో పేగు లోపలి పొరను చూడాలంటే శవాన్ని కోయడం ఒక్కటే దారి. విల్క్స్, మరో వైద్యుడు మాక్సన్ కలిసి 1875లో ఈ జబ్బును మరింత వివరంగా వర్ణించినప్పుడూ ఆధారం శవపరీక్షే. శవంలో కనిపించేది జబ్బు ఆఖరి దశ. పుండ్లు పడి, పొర ఊడి, గోడ పలచబడిన పేగు కనిపిస్తుంది. జబ్బు ఎక్కడ మొదలైంది, ఏ క్రమంలో పాకింది, మధ్యలో ఎప్పుడు తగ్గి మళ్లీ ఎప్పుడు తిరగబెట్టింది అనేవి శవం చెప్పదు. ఈ జబ్బు లక్షణమే తగ్గుతూ తిరగబెడుతూ ఉండటం. అందుకే బతికున్న మనిషి పేగులోకి తొంగిచూసే సాధనం వచ్చేదాకా దాని స్వభావం వైద్యులకు సగమే తెలుసు.

ఒంట్లోని రంధ్రాల్లోకి వెలుతురు పంపాలన్న ఆలోచన మాత్రం పాతదే. ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు ఫిలిప్ బొజ్జీని 1806 నాటికే ఒక పెట్టెలో మైనపు వత్తి వెలిగించి, అద్దంతో ఆ వెలుగును గొట్టంలోకి మళ్లించే పరికరం తయారు చేశారు. 1853లో పారిస్‌లో డెసార్మో ఆల్కహాల్, టర్పెంటైన్ కలిపి మండించే దీపాన్ని వాడారు. ఇవి మూత్రాశయానికి పనికొచ్చినంతగా పేగుకు పనికిరాలేదు. పేగు మడతలు మడతలుగా మూసుకుపోయి ఉంటుంది, దాన్ని తెరిస్తే గానీ ఏదీ కనిపించదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో హోవర్డ్ కెల్లీ 1895లో దీనికి తేలికైన ఉపాయం చెప్పారు. రోగిని మోకాళ్ల మీదా ఛాతీ మీదా బోర్లా వంచితే పొట్టలోని అవయవాలు ముందుకు జారతాయి. గొట్టం పెట్టగానే గాలి దానంతటదే లోపలికి పోయి పురీషనాళం విచ్చుకుంటుంది. డాక్టరు నుదుటికి కట్టుకున్న అద్దం నుంచి వెలుగు లోపల పడుతుంది. కొద్దికాలానికే బెర్లిన్‌లో హెర్మన్ స్ట్రాస్ రబ్బరు బుడ్డితో గాలి ఊదే సిగ్మాయిడోస్కోపును ప్రచారంలోకి తెచ్చారు. కరెంటు బల్బు కూడా గొట్టంలోకి చేరింది.

ఈ గొట్టం ఇనుప కడ్డీలా వంగనిది, పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. పెద్దపేగు మొత్తం ఒకటిన్నర మీటరు ఉంటుంది కాబట్టి ఇందులో కనిపించేది ఆరోవంతే. వేరే జబ్బులకైతే ఇది చాలదు. అల్సరేటివ్ కోలైటిస్‌కు మాత్రం సరిపోయింది, ఎందుకంటే ఆ వాపు దాదాపు ఎప్పుడూ పురీషనాళంలో మొదలై ఎడం లేకుండా పైకి పాకుతుంది. కింద ఉన్న ఆ ఆరోవంతులోనే జబ్బు ఆనవాళ్లన్నీ ఉంటాయి. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రి పురీషనాళ జబ్బులకే 1835లో పుట్టిన చోటు. అక్కడి సర్జన్ లాక్‌హార్ట్-మమ్మరీ 1907లో బల్బున్న సిగ్మాయిడోస్కోపుతో చూసిన 36 మంది కోలైటిస్ రోగుల్లో ఏడుగురికి పేగు క్యాన్సర్ కనిపించిందని రాశారు. రెండేళ్ల తర్వాత, 1909లో, రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ సమావేశంలో లండన్ ఆస్పత్రుల నుంచి 300కు పైగా కేసులు పోగుచేసి చర్చించారు. ఇది అరుదైన వింత కాదని, ప్రతి పెద్ద ఆస్పత్రిలోనూ ఉన్నదేనని అప్పుడు గాని తేటపడలేదు.

గొట్టంలోంచి ఏం కనిపిస్తుంది? ఆరోగ్యంగా ఉన్న పొర లేత గులాబీ రంగులో ఉండి, దాని అడుగున సన్నని రక్తనాళాలు కొమ్మలు చాచి స్పష్టంగా అగుపిస్తాయి. వాపు మొదలవగానే ముందు పోయేవి ఆ కొమ్మలే. పొరలో నీరు చేరి మందమవడంతో కింద ఉన్న రక్తనాళాలు మసకబారి, చివరికి మాయమవుతాయి. ఆ తర్వాత ఎరుపెక్కుతుంది. నునుపు పోయి గరుకుదనం వస్తుంది. దూదితో గానీ గొట్టం అంచుతో గానీ తాకితే సన్నగా నెత్తురు కారుతుంది. ఇంకా ముదిరితే తాకకముందే నెత్తురు చిమ్ముతూ, చీము, జిగట, పుండ్లు కనిపిస్తాయి. ఈ వర్ణన వందేళ్ల కిందటిదే, ఇప్పటికీ ఇందులో మార్చాల్సింది పెద్దగా లేదు. మారినదల్లా వీటిలో దేన్ని నమ్మాలి, దేనికి ఎన్ని మార్కులు వేయాలి అన్నదే.

అయితే పేగు పుండ్లన్నీ ఈ జబ్బువే కావు. రక్తవిరేచనాలు, జిగట విరేచనాలు అనగానే అనుమానించాల్సిన శత్రువులు వేరే ఉన్నారు. అమీబాను 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లోష్, విరేచనాల బాక్టీరియాను 1897లో జపాన్‌లో షిగా గుర్తించారు. సైన్యాల్లో, ఉష్ణదేశాల వలస పాలనలో పనిచేసిన వైద్యులు చూసిన పేగు పుండ్లలో ఎక్కువ భాగం వీటివే. మన దేశంలోనైతే ఈ చిక్కు ఇప్పటికీ తీరలేదు. అమీబా వల్ల వచ్చిన పుండును కోలైటిస్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే పేగు చిల్లుపడి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మల పరీక్ష చేయకుండా, ముక్క తీసి చూడకుండా మందు మొదలుపెట్టరాదన్న జాగ్రత్త ఇక్కడి వైద్యులకు పాఠంలా అలవడింది.

ముక్క తీసి చూడటం, అంటే బయాప్సీ, ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. ముందు పాథాలజిస్టులకు దొరికింది ఆపరేషన్‌లో కోసి తీసిన పేగులు, శవాల పేగులు. 1949లో అమెరికాలో షీల్డ్స్ వారెన్, షెల్డన్ సామర్స్ వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి ఈ జబ్బులో క్రిప్టుల్లో పేరుకునే చీము గురించి ముఖ్యంగా రాశారు. క్రిప్టులంటే పేగు పొరలోకి నిలువుగా దిగి ఉండే గ్రంథులు. ఆరోగ్యమైన పొరలో ఇవి స్టాండులో పేర్చిన టెస్ట్‌ట్యూబుల్లా నిటారుగా, సమాన దూరంలో, అడుగు దాకా దిగి ఉంటాయి. జబ్బులో ఆ క్రమం చెదురుతుంది. కొన్ని రెండుగా చీలతాయి, కొన్ని పొట్టిబడతాయి, కొన్ని అడుగుదాకా దిగకుండా మధ్యలోనే ఆగిపోతాయి. వాటి అడుగున ప్లాస్మా కణాలు గుమిగూడతాయి. జబ్బు రగులుతున్నప్పుడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు క్రిప్టు గోడలోకి చొరబడి, లోపల పేరుకుని చీమవుతాయి. మొదటి రకం మార్పులు పాత మచ్చల వంటివి, జబ్బు సద్దుమణిగినా ఉండిపోతాయి. రెండో రకం ఈ రోజు జరుగుతున్న పోరుకు గుర్తు. ఈ తేడా పట్టుకోవడమే పాథాలజిస్టు పనిలో కీలకం.

బతికున్న రోగి నుంచి అదే పనిగా ముక్కలు తీయాల్సిన అవసరం ఒక మందు వల్ల వచ్చింది. కార్టిజోన్ అనే స్టెరాయిడ్ అప్పుడే వైద్యుల చేతికొచ్చింది. కీళ్లవాతంలో దాని ప్రభావం చూసినవారు పేగు వాపుకూ వాడి చూశారు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ ఇన్‌ఫర్మరీలో సిడ్నీ ట్రూలవ్, లెస్లీ విట్స్ దాన్ని పకడ్బందీగా పరీక్షించారు. 210 మందిలో 109 మందికి కార్టిజోన్, 101 మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1955లో వెలువడిన తుది నివేదిక ప్రకారం మందు వాడినవారిలో 41 శాతం మందికి, వాడనివారిలో 16 శాతం మందికి జబ్బు సద్దుమణిగింది. ఈ తేడా చూపాలంటే ముందు జబ్బు తీవ్రతకు ఒక కొలత కావాలి. రోజుకు ఆరు లేదా అంతకు మించి రక్తవిరేచనాలు, జ్వరం, నిమిషానికి 90 దాటిన నాడి, తగ్గిన హిమోగ్లోబిన్, పెరిగిన ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) ఉంటే తీవ్రమైనది అని ట్రూలవ్, విట్స్ గీసిన గీత ఇంతవరకూ చెరగలేదు. సిగ్మాయిడోస్కోపులో కనిపించినదాన్ని కూడా వాళ్లు విడిగా నమోదు చేశారు. అయితే వాళ్ల గీతలో పేగు పొర లేదు. ఉన్నవన్నీ రోగి చెప్పినవి, నర్సు కొలిచినవి, ల్యాబు లెక్కకట్టినవి.

ట్రూలవ్ అక్కడితో ఆగలేదు. హార్లర్, రిచర్డ్స్‌తో కలిసి 1955లోను, రిచర్డ్స్‌తో కలిసి 1956లోను, ఒకే రోగి నుంచి కొంత వ్యవధి ఇస్తూ మళ్లీ మళ్లీ తీసిన ముక్కల మీద వ్యాసాలు రాశారు. అప్పుడు బయటపడిన సంగతి వైద్యులను ఇరకాటంలో పెట్టింది. రోగి కులాసాగా ఉన్నాడు, విరేచనాలు ఆగాయి, గొట్టంలో చూస్తే పొర మామూలుగా ఉంది. ముక్కలో మాత్రం వాపు అలాగే ఉంది. అందరిలోనూ కాదు, కానీ కొట్టిపారేయలేనంత మందిలో. అయితే పేగు మానిందని ఎవరు చెప్పాలి? రోగి చెప్పాలా, గొట్టంలో చూసిన డాక్టరు చెప్పాలా, మైక్రోస్కోపు చెప్పాలా? తర్వాతి డెబ్బై ఏళ్లూ ఈ రంగంలో జరిగిన పని చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముక్కల సంగతి అలా ఉంచితే, కన్ను చూసినదానికైనా పూచీ ఏమిటి? ఈ అనుమానాన్ని నేరుగా ఎదుర్కొన్నది బారన్, కానెల్, లెనార్డ్-జోన్స్ 1964లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో రాసిన చిన్న వ్యాసం. ఈ చరిత్రలో ఇంతకన్నా నిజాయితీ గల పని మరొకటి లేదనవచ్చు. ఒకే రోగి పేగు పొరను చూసిన అనుభవజ్ఞులు ఒకరితో ఒకరు చెప్పుకోకుండా ఎవరికి కనిపించింది వారు రాసి, ఆ రాతలను పక్కపక్కన పెట్టి చూశారు. పొర ఎంత ఎర్రగా ఉంది, ఎంత తడిగా ఉంది అన్నచోట ఒకరికొకరికి పొంతన లేదు. ఒకరికి కొద్దిగా ఎరుపు, మరొకరికి మామూలు. కానీ నెత్తురు కారుతోందా లేదా అన్నచోట అందరిదీ ఒకే మాట. ఎక్కువ తక్కువలు తేల్చాల్సిన చోట కన్ను తడబడుతుంది, ఉందా లేదా అంటే నిలబడుతుంది. ఈ సంగతి ఆధారంగానే బారన్ కొలత పుట్టింది. రక్తనాళాల కొమ్మలు స్పష్టంగా ఉండి తాకినా నెత్తురు రాకపోతే సున్నా. పొర మామూలుగా లేకున్నా నెత్తురు లేకపోతే ఒకటి. తాకితే కారితే రెండు. గొట్టం ఇంకా చేరకముందే ఎదర నెత్తురు కనిపిస్తే మూడు. ఇందులో పుండు ప్రస్తావనే లేదు. పేరులోనే పుండును మోస్తున్న జబ్బుకు, దశాబ్దాల పాటు అందరూ వాడిన కొలతలో పుండుకు చోటు దొరకలేదు!

దానికి మూడేళ్ల ముందే, 1961లో, మాట్స్ అనే బ్రిటిష్ వైద్యుడు గొట్టంలో కనిపించినదానికి ఒకటి, ముక్కలో కనిపించినదానికి ఒకటి, రెండు వరుసల గ్రేడులు ఇచ్చారు. సొంత దేశంలో అది అంతగా నిలవలేదు గానీ జపాన్ వైద్యులు దాన్ని చాలాకాలం వదల్లేదు.

వంగని గొట్టం రాజ్యం ఆ దశాబ్దంలోనే సడలింది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి, సన్నని గాజు పోగుల కట్టలోంచి బొమ్మను వంపులు దాటించి పంపవచ్చని 1954లో ‘నేచర్’లో చూపారు. ఆ వ్యాసం చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ పీటర్స్, విద్యార్థి లారీ కర్టిస్‌లతో కలిసి దాన్ని పరికరంగా మలిచారు. ఒక పోగులోని వెలుగు పక్క పోగులోకి కారిపోకుండా ప్రతి పోగుకూ వేరే రకం గాజు తొడుగు వేయాలన్న కర్టిస్ ఆలోచన లేకపోతే ఇది నడిచేది కాదు. 1957లో హిర్షోవిట్జ్ ఆ గొట్టాన్ని ముందు తానే మింగి చూసుకున్నారు. జీర్ణకోశం తర్వాత పేగు వంతు వచ్చింది. 1960ల్లో బెర్గీన్ ఓవర్‌హోల్ట్ వంగే సిగ్మాయిడోస్కోపు తెచ్చారు. 1969 నాటికి న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా కొలనోస్కోపు అనే పొడవాటి వంగే గొట్టంతో పెద్దపేగు చివరిదాకా వెళ్లి, దారిలో కనిపించిన పిలకలను (పాలిప్‌లను) తీగ ఉచ్చుతో కోసి తీయడం మొదలుపెట్టారు.

పేగంతా కళ్లబడ్డాక పాత నమ్మకాలు కొన్ని సడలాయి. ఎడం లేకుండా పాకుతుందన్న నియమానికి మినహాయింపులు దొరికాయి. పేగు ఎడమ సగమే వాచిన రోగుల్లో కొందరికి, మధ్యలో ఏమీ లేకుండా, అపెండిక్స్ నోటి దగ్గర ఒక ఎర్రటి మచ్చ ఉంటుంది. మందు వాడుతున్నవారిలో పొర అక్కడక్కడా మాని, అక్కడక్కడా మానక, క్రోన్స్ వ్యాధిలా అతుకులుగా కనిపించవచ్చు. పురీషనాళంలో మందు ఎక్కించుకున్నవారికి అదే ముందు మానిపోయి, జబ్బు పైన మొదలైనట్టు భ్రమ కలుగుతుంది. రోగి చరిత్ర తెలియకుండా బొమ్మ ఒక్కటే చూసి జబ్బు పేరు మార్చేయడం ఇలాంటి చోట్లే జరుగుతుంది. చివరికి పేగు శుభ్రం చేసే ఫాస్ఫేటు మందులు కూడా ఆరోగ్యమైన పొర మీద చిన్న చిన్న ఎర్రని పొక్కులు తెప్పించి వైద్యుణ్ని తప్పుదారి పట్టించగలవు.

ముక్క తీసే పని ఇప్పుడు కొలనోస్కోపు లోపలి దారిలోంచి పంపే సన్నని పట్టకారుతో జరుగుతుంది. దాని నోరు తెరుచుకుని పొరను కొరికి రెండు మూడు మిల్లీమీటర్ల తునకను తెస్తుంది. పేగు పొరలో నొప్పి తెలిసే నరాలు లేవు కాబట్టి రోగికి అది కోసినట్టే తెలియదు. ఆ తునకను ఫార్మలిన్ సీసాలో వేసి, ల్యాబులో మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో కొద్ది వెయ్యోవంతుల మందాన పొరలుగా కోసి, రంగులద్దుతారు. కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా తేలుతుంది. ఇంత శ్రమా పడ్డాక కూడా ముక్క అడ్డంగా పడి కోతకు వస్తే క్రిప్టులు నిలువుగా కాక గుండ్రటి చుక్కలుగా కనిపిస్తాయి, అవి అడుగుదాకా దిగాయో లేదో చెప్పడం కుదరదు. అందుకే జాగ్రత్తగల చోట్ల తునకను చిన్న వడపోత కాగితం మీద సరైన వైపు పైకి వచ్చేలా పరిచి మరీ సీసాలో వేస్తారు. ఎక్కడి ముక్క ఏదో తెలిసేలా విడివిడి సీసాలు వాడతారు. పాథాలజిస్టు రిపోర్టు విలువ చాలావరకు ఈ చిన్న పనుల్లోనే తేలిపోతుంది.

ముక్కలకు మరో పని కూడా పడింది. సెయింట్ మార్క్స్ పాథాలజిస్టు బేసిల్ మార్సన్, ఆయన సహచరుడు పాంగ్ 1967లో, క్యాన్సర్ రావడానికి ముందే పొరలో కణాల రూపు చెడటం పురీషనాళపు ముక్కల్లో పట్టుకోవచ్చని చూపారు. అప్పటినుంచి ఏళ్లుగా జబ్బున్నవారికి క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేసి, ప్రతి పది సెంటీమీటర్లకు నాలుగు దిక్కులా ముక్కలు తీయడం ఆనవాయితీ అయింది. కణాల చెడుపు లేదని 90 శాతం నమ్మకంతో చెప్పాలంటే కనీసం 33 ముక్కలు కావాలని 1990ల్లో లెక్కకట్టారు. గుడ్డిగా అన్ని ముక్కలు తీయడం రోగికీ ల్యాబుకూ భారమే. తర్వాత పొర మీద నీలం రంగు చల్లి, అనుమానం తగిలిన చోటే తీయడం నయమని తేలింది. అదే సెయింట్ మార్క్స్‌లో మ్యాథ్యూ రటర్ బృందం 2004లో ఇంకో ముడి విప్పింది. క్యాన్సర్ గండం జబ్బు ఎన్నేళ్ల నుంచి ఉందన్నదాన్ని బట్టే కాక, ఆ ఏళ్లలో ముక్కల్లో కనిపించిన వాపు ఎంత తీవ్రమైనదన్నదాన్ని బట్టి కూడా పెరుగుతుందని. మైక్రోస్కోపు వాపును ఊరికే తెలుసుకోవడం కాక, తగ్గించడం కూడా వైద్యుల బాధ్యతగా మారింది ఇక్కడినుంచే.

మందుల కంపెనీల పరీక్షలు పెరిగేకొద్దీ కొలతలు కూడా పెరిగాయి. 1987లో మేయో క్లినిక్‌కు చెందిన ష్రోడర్, ట్రెమైన్, ఇల్‌స్ట్రప్ 87 మంది మీద ఈ జబ్బుకు వాడే మెసలమైన్ మాత్రను పరీక్షించేందుకు, విరేచనాల సంఖ్య, నెత్తురు, గొట్టంలో కనిపించినది, డాక్టరు అంచనా అనే నాలుగింటికి మూడేసి చొప్పున 12 మార్కుల కొలత వేశారు. తమ పరీక్ష వరకు పనికొస్తే చాలని చేసిన ఆ ఏర్పాటే మేయో స్కోరుగా ప్రపంచమంతా పాకింది. అందులో గొట్టం వంతు మార్కుల్లో ఎరుపు, మసకబారిన నాళాలు, తాకితే నెత్తురు, పుండ్లు విడివిడి లెక్కలు లేకుండా కలగలిసి ఉంటాయి. కొద్దిగా తాకితే కొద్దిగా నెత్తురు రావడం ఒకటో మెట్టా, రెండో మెట్టా అన్న తగువు చాలా ఏళ్లు నడిచింది. ఒకటిలోంచి దాన్ని తీసేశాక గాని ఆ తగువు సద్దుమణగలేదు.

బారన్ బృందం 1964లో వేసిన ప్రశ్ననే వీడియోల కాలంలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సైమన్ ట్రావిస్ మళ్లీ వేశారు. 2012లో వెలువడిన వారి పనిలో వైద్యులకు సిగ్మాయిడోస్కోపీ వీడియోలు చూపించి మార్కులు వేయమన్నారు. తీవ్రమైన జబ్బును తీవ్రమని చెప్పడంలో 76 శాతం ఏకాభిప్రాయం ఉంది. మామూలు పొరను మామూలని చెప్పడంలో ఉన్నది 27 శాతమే. రోగిని చూస్తున్నామన్న ఎరుకతో చూసే కన్ను ఎక్కడో ఒకచోట జబ్బును వెదుక్కుంటుందేమో. ఆ పని ఫలితమే యూసీఈఐఎస్ అనే కొలత. రక్తనాళాల కొమ్మలు, నెత్తురు, పుండ్లు ఈ మూడింటినే విడివిడిగా లెక్కించి, ఎనిమిదికి మార్కులు వేస్తారు. ఎరుపును వదిలేశారు. పుండ్లకు ఆఖరికి చోటు దొరికింది.

కన్ను తడబడటం వల్ల ఎంత నష్టమో మరుసటి ఏడాదే అంకెల్లో తేలింది. బ్రయన్ ఫీగన్ బృందం 281 మందితో చేసిన మెసలమైన్ పరీక్ష వీడియోలను, రోగి వివరాలేవీ తెలియని ఒక కేంద్ర పరిశీలకుడికి చూపించారు. స్థానిక డాక్టర్లు జబ్బు చురుగ్గా ఉందని చేర్చుకున్నవారిలో 31 శాతం మందికి అసలు చేరే అర్హతే లేదని తేలింది. వారిని కలుపుకుని లెక్కేస్తే మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా తేలనే లేదు. వారిని తీసేసి చూస్తే మందుతో 29 శాతం, ఉత్తుత్తి మాత్రతో 13.8 శాతం మందికి జబ్బు సద్దుమణిగింది. మందు అదే, మాత్ర అదే. చూసిన కన్ను మారేసరికి ఫలితం తారుమారైంది. ఆ తర్వాత పెద్ద పరీక్షలన్నీ వీడియోలను దూరంగా ఉన్న పరిశీలకులకు పంపడం మొదలుపెట్టాయి.

మైక్రోస్కోపు వైపు కూడా ఇదే కథ కాస్త ఆలస్యంగా నడిచింది. 1991లో ఇంగ్లండ్‌లో రైలీ బృందం జబ్బు సద్దుమణిగిన 82 మంది ముక్కలు తీసి ఏడాది పాటు కనిపెట్టి చూసింది. ముక్కలో న్యూట్రోఫిల్స్ చొరబడి ఉన్నవారిలో 52 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, లేనివారిలో 25 శాతం మందికే. క్రిప్టుల్లో చీము ఉన్నవారిలోనైతే 78 శాతం. 1956లో ట్రూలవ్ వదిలిపెట్టిన ప్రశ్నకు ఇది సగం జవాబు. 2000లో బెల్జియంలోని లూవెన్‌కు చెందిన కారెల్ గెబోస్ ముక్కలకు సున్నా నుంచి ఐదు దాకా మెట్లు కట్టారు. అడుగున క్రిప్టుల వంకర, పైన పొర తెగి పుండవడం, మధ్యలో తెల్లకణాల చొరబాటు వరుసగా ఉంటాయి. 2017లో నాన్సీ సూచిక, రోబార్ట్స్ సూచిక అనే రెండు సులువైన, పరీక్షకు నిలిచిన కొలతలు వచ్చాయి. అంతకు ముందటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోనే బ్రయంట్ బృందం 91 మందిని సగటున ఆరేళ్లు గమనించి, స్టెరాయిడ్ అవసరం, ఆస్పత్రిలో చేరాల్సిన తీవ్రత ఎవరికొస్తాయో చెప్పడంలో గొట్టం కన్నా మైక్రోస్కోపే నయమని చూపింది.

అయినా వైద్య సంఘాలు ఆచితూచే నడిచాయి. 2015లో స్ట్రైడ్ పేరుతో వెలువడిన లక్ష్యాల పత్రం రోగి బాధ తగ్గడంతో పాటు గొట్టంలో పొర మానడం కూడా చికిత్స గురి కావాలంది. 2021 నాటి రెండో పత్రం మైక్రోస్కోపు మాటను ప్రస్తావించింది గానీ తప్పనిసరి గురిగా పెట్టలేదు. అందులో న్యాయం ఉంది. ముక్కలో మిగిలిన వాపును చూసి మందు పెంచితే రోగికి మేలు జరుగుతుందని చూపడం వేరు, ఆ వాపు ఉన్నవారికి ముందుముందు కష్టమని చూపడం వేరు.

ఒకప్పుడు పాశ్చాత్యుల జబ్బనుకున్నది తెలుగు నేలమీదా తక్కువేం కాదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు పేగు లక్షణాలున్న 30 వేల మందికి పైగా ప్రజలను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పేగు వాపు జబ్బులు పట్టణాల వారిలో, పల్లెల వారిలో ఇంచుమించు ఒకే పాళ్లలో బయటపడ్డాయి. పల్లెలో దీన్ని జిగట విరేచనాలుగా, మొలలుగా భావించి ఏళ్లు గడిపేయడం మామూలే; గొట్టం వేసి చూడనంతకాలం లెక్కలోకి రానివే ఎక్కువ.

ఇప్పుడు చూసే కన్ను కంప్యూటరుది కూడా. టోక్యోలో తకెనాకా బృందం రెండువేల మందికి పైగా రోగుల నుంచి తీసిన 40 వేలకు పైగా చిత్రాలతో శిక్షణ ఇచ్చిన ప్రోగ్రామ్ 2020లో, బొమ్మ మాత్రమే చూసి, ముక్క తీయకుండానే ముక్కలో వాపు ఉందో లేదో 90 శాతానికి పైగా సరిగ్గా చెప్పింది. బారన్ నాటి తడబాటు యంత్రానికి ఉండదు, ఒకే బొమ్మకు ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబిస్తుంది. అయితే దానికి నేర్పింది మళ్లీ మనుషులు వేసిన మార్కులే. ముక్కతో తీరే పనులన్నీ బొమ్మతో తీరవు కూడా. కణాల రూపు చెడటాన్ని మైక్రోస్కోపే నిర్ధారించాలి. స్టెరాయిడ్ ఇచ్చిన మూడో రోజుకూ లొంగని తీవ్రమైన కోలైటిస్‌లో, పేగు శుభ్రం చేయకుండా, గాలి ఎక్కువ ఊదకుండా, కింది భాగం వరకే వంగే గొట్టం వేసి పుండు నుంచి ముక్క తీస్తారు. వాచిన కణంలో సైటోమెగాలో వైరస్ గుర్తు దొరికితే మందుల దారి మారుతుంది కాబట్టి, ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా ల్యాబు వైపు చూడక తప్పదు.